చక్రాల మీది చిన్న ఇల్లు



ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇంటికి చక్రాలు తగిలించి, పిల్లాజెల్లను అందులో కూర్చోబెట్టి, ఊరు బయలుదేరి చూడు అని మాత్రం అనలేదు. అనవలసిన అవసరం లేకపోయింది కాబోలు. ఆ రోజుల్లో అది ఇంటింటా తెలిసిన విద్యే. ఈ పూట నేను మీతో ముచ్చటించబోయేది ఆ విద్యను గురించి.

ఇది ఇప్పుడెందుకు జ్ఞాపకం వచ్చిందంటారా? కిందటి నెల అమెరికాలో ఉన్న మా మేనమామ కొడుకు ఫోనులో ఒక ఫోటో పంపించాడు. కారు వెనక తగిలించి లాక్కుపోయే చిన్న ఇల్లు అది. రెండే చక్రాలు. లోపల ఇద్దరు పెద్దవాళ్ళూ ఒక పిల్లా పడుకునేపాటి పరుపు, ఒక మూల పొయ్యి, పక్కన బుల్లి కిటికీ. దాన్ని క్యాంపర్ ట్రెయిలర్ అంటారట. "కొన్నాను వదినా. సెలవుల్లో పిల్లల్ని తీసుకుని ఊళ్ళు తిరుగుతాం. ఇలాంటిది నువ్వెక్కడా చూసి ఉండవు" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. "చూడకపోవడమేమిటి నాయనా! అందులో పడుకుని హంసలదీవి వెళ్ళినదాన్ని. కాకపోతే దాని ముందు కారు లేదు, జత ఎడ్లున్నాయి" అన్నాను.

అవునండీ, నేను చెప్పేది గూడుబండి సంగతే.

చూడని చెల్లెళ్ళ కోసం ఒక్క మాట. మామూలు బండి మీద వెదురు బద్దలు వంచి, వాటిపైన ఈతచాపో తాటాకో కప్పి కడితే అది గూడుబండి అవుతుంది. రెండు చక్రాలు, వాటిని కలుపుతూ ఇరుసు, ఇరుసు మీద తొట్టి, తొట్టి నుంచి ముందుకు సాగిన నొగలు, నొగల చివర అడ్డంగా కాడి. కాడి కింద రెండు ఎడ్ల మెడలు. బండి మొత్తం ఇంతే. ఇంతలోనే మన అమ్మమ్మలు పురుళ్ళకు పుట్టింటికి వెళ్ళారు, తిరునాళ్ళకు వెళ్ళారు, కొత్త కాపురానికి సామాను వేసుకుని వెళ్ళారు.

మన కృష్ణా డెల్టాలో దూరప్రయాణానికి కాలువలుండేవి. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయ్యాక కాలువల మీద పడవలు బాగా సాగాయి. 1908లో బెజవాడ నుంచి గుడివాడ మీదుగా బందరుకు రైలు వచ్చింది. అయినా పడవ దిగిన రేవు నుంచి, రైలు దిగిన స్టేషను నుంచి మనిషిని గుమ్మంలో దింపేది బండే. గుడివాడ స్టేషను బయట తమ కోసం పుట్టింటి బండి నిలబడి ఉంటే, ఎడ్ల మెడలో గంటల చప్పుడును బట్టే అది మావాళ్ళదని పోల్చుకునేవాళ్ళమని మా అత్తగారు ఇప్పటికీ చెబుతుంటారు.

ఇంగ్లండులో సరదా ప్రయాణం కోసమే ప్రత్యేకంగా ఒక చక్రాల ఇల్లు చేయించుకున్న మొదటి మనిషిగా డాక్టరు గోర్డన్ స్టేబుల్స్ పేరు చెబుతారు. ఆయన నౌకాదళంలో వైద్యుడుగా చేసి, తరవాత పిల్లల కథలు రాసినవాడు. 1885లో బ్రిస్టలులో చేయించిన ఆ బండిని లాగినవి కూడా గుర్రాలే. కనక మా మరిది కొన్న ట్రెయిలరుకు తాతముత్తాతలు జంతువులు లాగిన బండ్లే నన్నమాట. లాగేది మారింది గాని, లాగబడే ఇంటి కష్టసుఖాలు మారలేదు. అవేమిటో ఒక్కొక్కటే చెబుతాను.

మా అమ్మమ్మగారి ఊరు చల్లపల్లికి దిగువన. ఊళ్ళో బండ్లు చాలా ఉన్నా, గూడు కట్టిన బండ్లు రెండో మూడో ఉండేవి. అందులో ఒకటి మా తాతయ్యది. బండి ఉన్న ఇల్లంటే గొప్ప అనుకునేరు! బండి ఉన్న ఇంటికి అడిగేవాళ్ళు ఎక్కువ. పురిటి మనిషిని తీసుకురావాలన్నా, పెళ్ళివారిని దింపాలన్నా మా ఇంటికే కబురొచ్చేది. కాదనకూడదు. పట్టుకెళ్ళినవాళ్ళకూ ఒక మర్యాద ఉండేది. ఎడ్లకు మేత వాళ్ళే పెట్టాలి, తిరిగి తెచ్చేటప్పుడు ఇరుసుకు కందెన వేసి తేవాలి, తొట్టి ఊడ్చి తేవాలి. ఊడవకుండా తెచ్చినవాళ్ళకు అమ్మమ్మ రెండోసారి కూడా బండి ఇచ్చేది, కాని చీపురు కూడా ఇచ్చేది.

ఇక దాన్ని కాపాడుకోవడం. ముందు చక్రం సంగతి. బండి చక్రం ఒకే చెక్క కాదు. నడుమ కుంభి, దాంట్లోంచి ఆకులు, ఆకుల చివర వంపు తిరిగిన పూటీలు, వాటి చుట్టూ ఇనప పట్టా. నల్లతుమ్మ చేవ అయితే మన్నుతుందని అనేవారు. పట్టా వేసే రోజున కమ్మరి ఇంటి ముందు పిల్లలమంతా చేరేవాళ్ళం. పిడకల మంటలో పట్టాను ఎర్రగా కాల్చి, పట్టకార్లతో నలుగురు ఎత్తి చక్రానికి తొడిగి, వెంటనే నీళ్ళు పోసేవారు. వేడికి సాగిన ఇనుము చల్లారగానే ముడుచుకుని, పూటీలనూ ఆకులనూ కుంభినీ కలిపి బిగించి పట్టేసేది. ఒక్క మేకు లేకుండా అంత గట్టితనం!

కాని ఎండాకాలంలో చెక్క ఎండి తరుగుతుంది. పట్టా వదులవుతుంది. ఆకులు కటకటలాడతాయి. అప్పుడు చక్రాలు ఊడదీసి చెరువులో పడేసేవారు. రెండుమూడు రోజులు నానితే చెక్క ఉబ్బి మళ్ళీ బిగుస్తుంది. అది తాత్కాలికమే. మరీ వదులైతే పట్టా తీసి, కొంచెం కోసి, మళ్ళీ అతికించి వేయించవలసిందే. బయలుదేరే ముందు రోజు తాతయ్య ఒక్కొక్క ఆకునూ కర్రతో తట్టి చెవి పెట్టి వినేవాడు. కుండ కొనేటప్పుడు మనం తట్టి చూడమూ? అలాగే. ఖంగుమంటే మంచిది. బొంగురుపోతే ఆ ఆకు వదులైందన్నమాట.

రెండోది కందెన. కందెన లేని బండికి కావలసినంత సంగీతం అని సామెత. సంగీతం ఒక్కటే అయితే ఫరవాలేదు. కందెన ఆరిపోతే ఇరుసూ కుంభీ ఒకదాన్నొకటి అరగదీసుకుంటాయి, ఎడ్లకు లాగుడు రెట్టింపవుతుంది. వరిగడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి, మెత్తగా నూరి, వెదురు గొట్టంలో పోసి బండి కింద వేలాడదీసేవారు. ఆముదం జారుడు ఇస్తుంది, మసి దాన్ని కారిపోకుండా పట్టి ఉంచుతుంది.

మూడోది కడశీల. ఇరుసు చివర చక్రం జారిపోకుండా పెట్టే చిన్న ఇనప మేకు ఇది. జానెడు కూడా ఉండదు. కాని అది ఊడితే చక్రం ఊడినట్టే, చక్రం ఊడితే బండి కూలినట్టే. అందుకని విడిగా రెండు కడశీలలు ఎప్పుడూ బండిలో ఉండేవి. ఇంటికి తాళంచెవిలాగా అవి అమ్మమ్మ దగ్గరే ఉండేవి.

నాలుగోది గూడు. వానాకాలానికి ముందు చాపలు విప్పి ఎండబెట్టి, చీకిన చోట కొత్తవి వేసి కట్టేవారు. కారే గూడు కింద ఒక్క రాత్రి పడుకుంటే తెలుస్తుంది దాని విలువ. గుడివాడ వైపు నల్లరేగడి నేలల్లో వానాకాలం బండి కదిలేదే కాదని, చక్రం ఇరుసు దాకా దిగిపోయేదని మా అత్తగారు అంటారు. అందుకే తిరునాళ్ళ ప్రయాణాలన్నీ కోతలు, కుప్పనూర్పులు అయ్యాక, నేల గట్టిపడ్డాక పెట్టుకునేవారు.

ఇన్నింటితోబాటు మా బండికి ఇంకొకటి ఉండేది. బండిపెట్టె. చిన్న చెక్కపెట్టె. అందులో అగ్గిపెట్టె, లాంతరు వత్తి, కత్తి, రెండు మూరల తాడు, పాతచీర ముక్కలు, చిన్న గిన్నె, ఉప్పు, బెల్లం, రెండు సోలల అటుకులు, పసుపు, ఆముదం సీసా, విడి కడశీలలు. ఎక్కడికీ వెళ్ళని రోజుల్లో కూడా ఆ పెట్టె నిండుగా ఉండవలసిందే. అటుకులు పాతబడితే కొత్తవి పోసేది. ఎందుకమ్మమ్మా అంటే చెప్పేది కాదు. మా అమ్మ చెప్పింది. 1977 నవంబరు 19న దివిసీమ మీద పడ్డ ఉప్పెనలో పదివేలకు పైగా జనం పోయారు. లెక్కకు అందనన్ని పశువులు పోయాయి. కోడూరు అవతల ఉన్న అమ్మమ్మ పుట్టింటివారిలో కొందరు ఇక తిరిగి రాలేదు. కదలవలసిన వేళ వచ్చాక వస్తువులు వెతుక్కోకూడదన్నది ఆ రోజు నుంచి ఆమెకు వ్రతమైపోయింది.

ఇప్పుడు ప్రయాణం. కృష్ణ పాయ సముద్రంలో కలిసే చోట హంసలదీవి. అక్కడి వేణుగోపాలస్వామి కల్యాణం మాఘ పౌర్ణమికి. ఆ రోజున సముద్రస్నానం చేస్తే పుణ్యమని జనం విరగబడి వస్తారు. మా బండి మోపిదేవి, పులిగడ్డ, అవనిగడ్డ, కోడూరు మీదుగా వెళ్ళేది. ఎద్దు నడక గంటకు ఒక కోసు అనుకోండి. తొందరపడితే జరిగేది కాదు.

తొట్టిలో అడుగున వరిగడ్డి మందంగా పరిచి, దాని మీద బొంతలు, ఆపైన జంపఖానా వేసేవారు. అదే మా పరుపు. ఇందులో ఒక చమత్కారం ఉంది. వెళ్ళేటప్పుడు మెత్తగా ఉన్న పరుపు వచ్చేటప్పటికి పలచబడేది. ఎడ్లు తినేసేవి మరి! దానితోబాటు జనుప కట్టలు, నానబెట్టిన ఉలవలు, తవుడు కూడా పెట్టేవారు. బండి కింద ఇరుసుకు లాంతరు వేలాడేది, వెనక వచ్చే లారీలకు కనపడాలని. తారు రోడ్డు మీద గిట్టలు అరగకుండా ముందే నాడాలు కొట్టించేవారు.

ఎడ్లకు విశ్రాంతి విషయంలో తాతయ్య ఖచ్చితంగా ఉండేవాడు. ఎండ ముదరగానే విప్పెయ్యాలి, చల్లబడ్డాకే కట్టాలి. ఇది ఆయన సొంత నియమం అనుకునేదాన్ని. పెద్దయ్యాక తెలిసింది, బరువులు లాగే పశువుల గురించి 1965లో కేంద్ర ప్రభుత్వం చేసిన నియమాల్లో కూడా ఇదే ఉందని. రోజుకు తొమ్మిది గంటలకు మించి లాగించకూడదు. విశ్రాంతి లేకుండా ఏకధాటిగా అయిదు గంటలకు మించి నడిపించకూడదు. వేడి 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా అసలు పని చేయించకూడదు. బండి తోలేవాడూ ఆరేళ్ళలోపు పిల్లలూ కాక నలుగురికి మించి ఎక్కకూడదు. ఈ ఆఖరి నియమం దగ్గరే మా కథ ఉంది.

మూడేళ్ళు వరసగా సుఖంగా వెళ్ళి వచ్చాం. నాలుగో ఏడు, 1990లో. అప్పటికి నాకు ఎనిమిదేళ్ళు. ఆ ఏడు మాఘ పౌర్ణమి నాటి అర్ధరాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం కూడా పట్టింది. పౌర్ణమి, దానికి తోడు గ్రహణస్నానం! ఇరుగుపొరుగు వాళ్ళూ వస్తామన్నారు. వాళ్ళ బిందెలు, వాళ్ళ బియ్యం, వాళ్ళ పిల్లలు. అందరికీ వండాలి గనక అమ్మమ్మ పెద్ద ఇత్తడి గంగాళం తీసింది. అది ముందు పెడితే కూర్చోవడానికి అడ్డమని వెనకంటా నెట్టి, దాంట్లోనే గిన్నెలు, పప్పులు, కొబ్బరికాయలు వేసింది. పిల్లలం నలుగురం బండి తోక మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నాం. గాలి తగులుతుంది గదా! బండి కట్టేటప్పుడు మామయ్య కాడి ఎత్తి చూసి, "అమ్మా, వెనక మొగ్గుతోంది" అన్నాడు. "గ్రహణం టైముకు అందుకోవాలిరా, పోనీ" అంది అమ్మమ్మ.

చదునైన రోడ్డు మీద ఏమీ కాలేదు. పులిగడ్డ దగ్గర కరకట్ట ఎక్కుతుండగా అయింది. ఎత్తు ఎక్కేటప్పుడు బండి వెనక్కు వాలుతుంది గదండీ. గంగాళం జారింది. దానితోబాటు మూటలూ జారాయి. ఒక్కసారిగా బండి తోక నేలకు తగిలి, నొగలు పైకి లేచాయి. నొగలతో కాడి లేచింది. కాడితో ఎడ్ల మెడతాళ్ళు బిగిశాయి. కుడి ఎద్దు ముందుకాళ్ళు నేల వదిలాయి, నాలుక బయటికొచ్చింది. మామయ్య బండిపెట్టెలో కత్తి తీసి మెడతాళ్ళు కోసేశాడు. ఎడ్లు బతికాయి. కాని పట్టు వదిలిన బండి వెనక్కు దొర్లింది. గట్టు పక్కన రాయి అడ్డం రాబట్టి ఆగింది. మా తమ్ముడి చెయ్యి తొట్టి కింద పడి విరిగింది. వాడికి అయిదేళ్ళు.

ఆ ఏడు గ్రహణాన్ని మేం అవనిగడ్డలో ఆస్పత్రి వరండాలోంచి చూశాం. నలుగురూ మామయ్యను తిడుతున్నారు, బండి తోలడం రాదని. అమ్మమ్మ అందరినీ ఆపి, "తోలినవాడి తప్పేం లేదు. సర్దినదాన్ని నేను. వాడు చెప్పినా వినలేదు" అంది. నా చిన్నతనంలో ఒక పెద్దావిడ అలా పదిమందిలో తన తప్పు ఒప్పుకోవడం నేను చూసింది అదొక్కసారే. అంచేతే ఆ మాట నాకు అంత గట్టిగా నాటుకుపోయింది.

సోదరీమణులారా, ఈ కథలో కిటుకు మనకు తెలియనిది కాదు. తక్కెడే. రెండు చక్రాల బండికి ఇరుసే తక్కెడ ముల్లు. ఇరుసుకు ముందున్న బరువు ఒక సిబ్బి, వెనకున్న బరువు ఇంకొక సిబ్బి. బరువు ఎంత అన్నదొక్కటే కాదు, ఇరుసుకు ఎంత దూరంలో ఉందన్నది కూడా లెక్కే. ఇరుసుకు రెండడుగుల వెనక నలభై కిలోల మనిషి కూర్చుంటే, నాలుగడుగుల ముందు ఇరవై కిలోల బియ్యం సంచి పెడితే సరిపోతుంది. అదే మనిషి నాలుగడుగుల వెనక తోక మీద కూర్చుంటే, ముందు నలభై కిలోలు పెట్టాలి. మనిషి బరువు పెరగలేదు, కూర్చున్న చోటు మారిందంతే.

వెనక బరువెక్కువైతే ఏమవుతుందో చెప్పాను. అలాగని ముందుకే తోసేస్తే? ఆ బరువంతా కాడి మీద, కాడి కింద మెడల మీద. చర్మం కమిలి, కాయ కాసి, పుండవుతుంది. పాపం, మూగజీవం చెప్పుకోలేదు. బెంగుళూరు ఐ.ఐ.ఎం. వ్యవస్థాపక డైరెక్టరు ఎన్.ఎస్. రామస్వామిగారు ఎడ్లబండిని, కాడిని మెరుగుపరచాలని, పశువు బాధ తగ్గించాలని ఏళ్ళ తరబడి పాటుపడ్డారు. అంత పెద్ద సంస్థ నడిపినవారు ఎద్దు మెడ గురించి ఆలోచించారంటే, ఆ సంగతి ఎంత ముఖ్యమో చూడండి.

మరి సరైన మొగ్గు ఏది? మా ఇంట్లో లెక్క ఇది. సామాను సర్ది, మనుషులు ఎక్కాక, కాడిని మామయ్య ఎత్తి చూడాలి. ఒంటి చేత్తో తేలిగ్గా లేచిందా, వెనక బరువెక్కువ. రెండు చేతులతో ముక్కినా లేవలేదా, ముందు బరువెక్కువ. రెండు చేతులతో కాస్త కష్టపడి లేవాలి. అంటే కొంచెం ముందు మొగ్గు ఉండాలన్నమాట. బరువైనవి అడుగున, ఇరుసు మీద. తేలికవి పైన, చివర్ల. జారేవి తాడుతో కట్టాలి. తోక మీద ఎవరూ కూర్చోకూడదు. ఆ ప్రమాదం తరవాత ఈ పరీక్ష కాకుండా మా బండి గుమ్మం దాటలేదు.

ఎంతో కాలం ఆగకుండానే ఆ పాఠం అక్కరకు వచ్చింది. అదే ఏడు మే 9న తుఫాను మన తీరం మీద విరుచుకుపడింది. రేడియోలో హెచ్చరికలు రెండురోజుల ముందు నుంచే వస్తున్నాయి. మా అత్తయ్యకు నెలలు నిండాయి. ముందు రోజు సాయంత్రం నొప్పుల్లాగా అనిపించాయి. ఊళ్ళోకి బస్సు రాలేదు. వాన మొదలైంది. అమ్మమ్మ ఒక్క నిమిషం ఆలోచించి బండి కట్టమంది. బండిపెట్టె సిద్ధంగానే ఉంది. వెతుక్కోవలసింది ఏమీ లేదు.

కాని సర్దడం దగ్గర మాత్రం తొందరపడలేదు. అత్తయ్య పడుకోవాలి. పడుకుంటే సగం బరువు ఇరుసుకు వెనకే పడుతుంది. అందుకని తల ముందుకు పెట్టి పడుకోబెట్టి, ముందుభాగాన రెండు బియ్యం సంచులు వేయించి, తాడుతో కట్టించి, తాను వాటి పక్కన కూర్చుంది. "ఎత్తి చూడరా" అంది మామయ్యను. ఆయన చూసి, "ఇంకొంచెం ముందుకు జరుగమ్మా" అన్నాడు. మారు మాటాడకుండా జరిగింది. ఆ గాలిలో, ఆ చీకట్లో, గట్ల మీదుగా బండి చల్లపల్లి ఆస్పత్రికి చేరింది. తెల్లవారాక గాలి మొదలై ఊరి ఇళ్ళ కప్పులు లేచిపోయాయి. మా గూడుబండికి గూడు ఒక్కటీ ఎగిరిపోయింది. మర్నాడు అత్తయ్యకు మగపిల్లవాడు పుట్టాడు.

ఇప్పుడు మనకెక్కడివండీ ఎడ్లూ, గూడుబండ్లూ అంటారు. నిజమే. కాని రెండు చక్రాల బండ్లు పోలేదు, లాగేవే మారాయి. మా మరిది ట్రెయిలరునే చూడండి. అక్కడివాళ్ళు కూడా ట్రెయిలరు మొత్తం బరువులో సుమారు పదోవంతు, లేదా ఇంకాస్త ఎక్కువ, కారుకు తగిలించే కొక్కెం మీద పడాలంటారు. అంటే మా అమ్మమ్మ చెప్పిన ముందు మొగ్గే! వెనక బరువెక్కువైతే వేగంగా పోతున్నప్పుడు ట్రెయిలరు తోక అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టి, కారునే ఈడ్చి పక్కకు పడేస్తుంది. చక్రం లోపలి బేరింగులకు గ్రీజు, అదే కందెన. కొక్కెం ఊడకుండా పెట్టే పిన్ను, దానికి తోడు రెండు గొలుసులు, అవే కడశీలలు. పైకప్పు అతుకుల్లో నీరు దిగకుండా ఏటా పూసే మందు, అదే గూడు చాప మార్చడం. ఫోనులో ఇవన్నీ నేను వరసగా అడుగుతుంటే మా మరిది ఆశ్చర్యపోయి, "వదినా, నువ్వు ఇంజనీరింగెప్పుడు చదివావు?" అన్నాడు. మెట్రిక్కే నాయనా, మిగతాది అమ్మమ్మ దగ్గర అన్నాను.

అమెరికా ఎందుకు, మన ఊళ్ళలో సంగతి చెబుతాను. కార్తీక పౌర్ణమికి మంగినపూడికి, మాఘ పౌర్ణమికి హంసలదీవికి ఇప్పటికీ కొన్ని కుటుంబాలు ట్రాక్టరు వెనక ట్రక్కు తగిలించి, గడ్డి పరిచి, పైన పట్టా కట్టి, ఇరవై ముప్ఫైమంది ఎక్కి వెళుతుంటారు. చూడ్డానికి ముచ్చటే. కాని అది ధాన్యం కోసం, ఇటుకల కోసం చేసిన బండి. మనుషుల్ని ఎక్కించడానికి చట్టం ఒప్పుకోదు. బస్తాలు కదలవు, మనుషులు కదులుతారు. ఒక పక్కన ఏదో కనబడితే అందరూ ఆ పక్కకే ఒరుగుతారు. పిల్లలు వెనక చెక్క మీదే ఎక్కుతారు. మన దారుల్లో రోడ్డు పక్కనే కాలువ. ఒక్క చక్రం అంచు దిగితే చాలు. మా తమ్ముడిది చేతితో పోయింది. అందరికీ అలా పోదు. దయచేసి ఆ ట్రక్కు ఎక్కకండి, పిల్లల్ని అసలే ఎక్కించకండి. బస్సు దొరక్కపోతే మర్నాడు వెళ్ళండి. దేవుడు ఎక్కడికీ పోడు.

ఇక మన కార్ల మాట. పుట్టింటికో తిరుపతికో బయలుదేరేటప్పుడు కారు తోలేది ఎవరైనా, సర్దేది మనమే. కనక నాలుగు మాటలు. బియ్యం, పచ్చళ్ళ జాడీలు, నీళ్ళ డబ్బాల వంటి బరువైనవి అడుగున, సీటుకు ఆనించి పెట్టండి. పైన క్యారియరు మీద పరుపుల్లాంటి తేలికవే వేయండి. పైన బరువెక్కువైతే మలుపులో బండి ఒరుగుతుంది. వెనక అద్దం దగ్గర గిన్నెలూ సీసాలూ పెట్టకండి, గట్టిగా బ్రేకు వేస్తే అవి మన తలలకే తగులుతాయి. బయలుదేరే ముందు టైర్లలో గాలి చూపించమని అడగండి. ఇవికాక ఇంట్లో ఒక బండిపెట్టె పెట్టుకోండి. బ్యాటరీ లైటు, తాడు, కత్తి, మందులు, అటుకులు, బెల్లం, మంచినీళ్ళు, ముఖ్యమైన కాగితాల నకళ్ళు. మనం సముద్రానికి దగ్గర మనుషులం. తుఫాను కబురు వచ్చాక పెట్టె సర్దుకోవడం కాదు, పెట్టె సర్దుకుని ఉండగా కబురు వినాలి.

అన్నిటికంటే ముఖ్యం, తోలేవాళ్ళు "వెనక మొగ్గుతోంది" అన్నప్పుడు వినడం. తొందరలో ఉన్నా సరే. ఒక గంగాళం దింపడానికి పది నిమిషాలు పడుతుంది.

మా అమ్మమ్మ ఇప్పుడు లేదు. బండీ లేదు. ఆ బండిపెట్టె మాత్రం బందరులో మా ఇంట్లో ఉంది, నిండుగానే ఉంది. ఆ తుఫాను మర్నాడు చల్లపల్లిలో పుట్టిన పిల్లవాడే ఈ ట్రెయిలరు కొన్న మా మరిది. మొన్న మళ్ళీ ఫోను చేశాడు. "వదినా, సామానంతా సర్దాం. కొక్కెం ఎత్తి చూశాను. రెండు చేతులతో కాస్త కష్టపడి లేచింది" అన్నాడు.

అయితే క్షేమంగా వెళ్ళి రా నాయనా అన్నాను.

మీకందరికీ కూడా అదే మాట చెప్పి సెలవు తీసుకుంటున్నాను. నమస్కారం.